తొమ్మిది ముక్కల ఘనం: ఆరు సెట్ల పని డైరీ

ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతాను. క్లాసులో ఆరు గుంపులకి తలా ఒక చెక్క పజిలు కావాలి. కొలతలు తప్పి మొత్తం రెండుసార్లు చేశాను కాబట్టి, ఎవరైనా ఇదే పని పెట్టుకుంటే నేను పారేసిన ముక్కలు వాళ్లు పారేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

పజిలు ఇది. మూడు బై మూడు బై మూడు ఘనం. అందులో పట్టాల్సినవి 2×2×1 పలకలు ఆరు, 1×1×1 చిన్న ఘనాలు మూడు. మొత్తం తొమ్మిదే ముక్కలు. స్లోతౌబర్, గ్రాట్స్మా అనే ఇద్దరు డచ్ ఆర్కిటెక్టుల పేరు మీద చలామణీలో ఉంది. చూస్తే ఒకటో తరగతి పిల్లల ఆటలా ఉంటుంది. డెన్మార్క్‌కి చెందిన పీట్ హైన్ 1933లో కనిపెట్టిన, ఇదే 3×3×3 ఘనం కట్టే సోమా క్యూబ్‌లో ఏడు ముక్కలున్నా 240 దారులున్నాయి. దీనికి మాత్రం అద్దంలో బింబాన్నీ, తిప్పి పెట్టడాన్నీ లెక్కలోంచి తీసేస్తే ఒకే ఒక్క దారి.

నా కొలత: ఒక యూనిట్ 20 మిల్లీమీటర్లు. పలక 40×40×20, చిన్న ఘనం 20, పూర్తయిన ఘనం 60. ఆరు సెట్లకి పలకలు 36, చిన్న ఘనాలు 18, మొత్తం 54.

దశ 1: కర్ర (జనవరి 11 – ఫిబ్రవరి 15)

ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. తెల్లగా, మెత్తగా ఉంటుంది, ఉలికి ఇట్టే లొంగుతుంది. అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగి ఆటోలో వెళ్లి, 60 సెంటీమీటర్ల పొడవు, 45×22 మిల్లీమీటర్ల కోతతో అయిదు కర్రలు తెచ్చాను. ఆరిన కర్రే అన్నారు. ఇంటికొచ్చి వంటింటి త్రాసు మీద పెడితే ఒక్కోటి 412 గ్రాములకి అటూ ఇటూ ఉంది. వారం తర్వాత 398. అంటే లోపల ఇంకా తడి ఉంది.

నేను చేసినది:

1. కర్రల మధ్య పెన్సిళ్లు అడ్డం పెట్టి, గాలి ఆడేలా గదిలో నీడనే పేర్చాను. ఎండలో పెట్టలేదు.
2. కోసిన చివరలకి కొవ్వొత్తి మైనం కరిగించి పూశాను. నీరు చివరల నుంచే తొందరగా పోతుంది, అప్పుడే పగుళ్లు వస్తాయి.
3. ప్రతి ఆదివారం తూచి, కర్ర మీదే పెన్సిల్‌తో బరువు రాశాను.
4. రెండు ఆదివారాలు వరసగా బరువు మారకపోయేదాకా ఆగాను. అయిదు వారాలకి 371 దగ్గర నిలిచింది.

ఒక కర్రకి మైనం పూయడం మర్చిపోయాను. ఏడు సెంటీమీటర్ల మేర చీలింది. అంత ముక్కా వృథా.

ఇప్పటివరకు: ఖర్చు 760 రూపాయలు (కర్ర 600, దారి ఖర్చు 160). పని 6 గంటలు.

దశ 2: చేతి రంపం (ఫిబ్రవరి 16 – మార్చి 2)

విశాఖ పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ కొట్లో మైటర్ బాక్సు (రంపాన్ని వంకర పోకుండా నడిపే చట్రం), స్టీలు వెర్నియర్ క్యాలిపర్, ఎమెరీ కాగితం కొన్నాను. కర్రలని తోపడాతో నేనే చిత్రిక పట్టి, 40 దగ్గర గీతలు గీసి, గీత మీద రంపం పెట్టి కోశాను. పన్నెండు పలకలు.

కొలిచినవి: మందం 20.1 నుంచి 20.6 దాకా. పొడవు 39.4 నుంచి 40.7 దాకా. పెన్సిల్ గీతకే అర మిల్లీమీటరు మందం ఉంటుంది, రంపం దానికి ఏ పక్కన నడిచిందన్నది కోతకో రకంగా మారింది.

ఎమెరీతో సరిచేద్దామని కూర్చున్నాను. ఇక్కడ నాలుగు గంటలు పోయాయి. ఎందుకు పోయాయో చెప్పాలి, ఎందుకంటే ఈ పజిలుకి అసలు కీలకం అక్కడే ఉంది.

పలక మందాన్ని "మ" అనుకోండి, పలక భుజాన్ని "భు", చిన్న ఘనం భుజాన్ని "చి". పూర్తయిన ఘనంలో ఏ వరస తీసుకున్నా ఈ మూడింటిలో ఒకటి అవుతుంది:

- భు + మ = 60
- భు + చి = 60
- మ + చి + మ = 60 (నడి మధ్య నుంచి పోయే మూడు వరసలూ ఇవే)

నా పలకల మందం సగటున 20.3 వచ్చింది. సరే, భుజాన్ని 39.7కి అరగదీస్తే మొదటి లెక్క 60కి సరిపోతుంది అనుకున్నాను. సరిపోయింది. కానీ నడి వరస 20.3 + 20 + 20.3, అంటే 60.6. దాని కోసం చిన్న ఘనాన్ని 19.4 చేశాను. అప్పుడు రెండో లెక్క 39.7 + 19.4, అంటే 59.1. ఒకచోట బిగుతు, ఇంకోచోట గలగల. ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. మూడు లెక్కలూ ఒకేసారి నిలవాలంటే భుజం కచ్చితంగా మందానికి రెట్టింపు కావాలి, చిన్న ఘనం మందానికి సమానం కావాలి. మందం 20 అయినా, 20.3 అయినా పర్వాలేదు. అన్నిటికీ ఒకటే ఉండాలి, అంతే.

కాబట్టి వరస మారింది: ముందు మందం తేల్చాలి, భుజం ఆ మందం నుంచే పుట్టాలి.

ఇప్పటివరకు: ఖర్చు 1,640. పని 15 గంటలు. కోసినవి 12, పనికొచ్చినవి సున్నా, పారేసినవి 12.

(మధ్యలో ఒక సాయంత్రం చీలిన కర్ర అవశేషంతో టీ పజిలు చేశాను. నాలుగు ముక్కలు పేర్చి ఇంగ్లీషు టీ అక్షరం తేవాలి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికాలో సరుకుల ప్రకటనలకి దీన్ని పంచిపెట్టేవారు. గంటలో అయిపోయే పని, కొలత అర మిల్లీమీటరు తప్పినా నడుస్తుంది. అయిదు భుజాల ముక్కని అందరూ నిలువుగానో అడ్డంగానో పెడతారు, అది ఏటవాలుగా పడుకోవాలి. మా ఇంట్లో అందరికీ అరగంట దాటింది.)

దశ 3: కటింగ్ మిషన్ (మార్చి 8 – ఏప్రిల్ 12)

కంచరపాలెంలో మాకు తెలిసిన వడ్రంగి మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆదివారాలు మధ్యాహ్నం మిషన్ ఖాళీగా ఉంటుంది. నా కాగితం చూసి, "ఏటమ్మా, ఇంత సిన్న ముక్కలకి ఇంత లెక్కేటి? తలుపుకే ఇంత సూడం" అన్నారు. మూడు లెక్కలూ గీసి చూపించాను. కాసేపు కాగితం వైపే చూసి, "అయితే టేపు పక్కనెట్టీ" అని రెండు ముక్కలు చేతిలోకి తీసుకున్నారు. ఆయన చూపించిన పద్ధతి ఇది. డబ్బు పెట్టి కొన్న ఏ పనిముట్టూ నాకు ఇంత ఉపయోగపడలేదు.

1. కర్రలన్నిటినీ ఒకే విడతలో, మిషన్ కదపకుండా, ఒకే మందానికి చిత్రిక పట్టాలి. నావి 20.0 వచ్చాయి, తేడా 0.05 లోపే.
2. అదే కర్ర నుంచి రెండు చిన్న తుండ్లు కోసి ఒకదాని మీద ఒకటి పెట్టాలి. ఆ ఎత్తే మన "40". అది 40.0 ఉందా 40.1 ఉందా అని చూడనక్కర్లేదు.
3. ఆ జంట తుండ్లని రంపం పన్నుకీ, కర్రని ఆనించి నడిపే గైడుకీ మధ్య ఇరికించి గైడుని బిగించాలి. కర్ర వెడల్పు దీంతో కోయాలి.
4. ప్లైవుడ్ బల్లతో ఒక జారుడు చట్రం చేసి, దాని మీద ఆపు చెక్కని కూడా అదే జంట తుండ్లతో కొలిచి క్లాంపు వేయాలి. పొడవు కోతకి ఇదే.
5. ప్రతి కోతకి ముందు కర్రని ఆపు చెక్కకి తాకించాలి, గుద్దకూడదు. గుద్దితే ఆపు చెక్క వెంట్రుకవాసి జరుగుతుంది.
6. కర్ర 15 సెంటీమీటర్లకి తగ్గాక మిషన్ మీద చేతితో పట్టుకోకూడదు. వేళ్లకంటే కర్ర ఎక్కువ కాదు. ఆ ముక్కల్ని చిన్న ఘనాలకి చేతి రంపంతో వాడాను.

మొదటి పది పలకలు కోసి కొలిస్తే మొదటి నాలుగూ 40.0. అయిదోది 39.9, ఆరోది 39.8, పదోది 39.5. ముక్కముక్కకీ తగ్గుకుంటూ వచ్చింది. క్లాంపు జారిందనుకుని తీసి మళ్లీ బిగించాం, అదే వరస. చివరికి మేస్త్రిగారు వంగి, ఆపు చెక్క మూలలో గోరు పెట్టి లాగితే సన్న పొట్టు పలకలా ఊడొచ్చింది. ప్రతి కోతలోనూ కొంచెం పొట్టు ఆ మూలలో చేరి గట్టిపడుతోంది. కర్ర ఆపు చెక్కని కాదు, పొట్టుని తాకుతోంది.

సరిచేసినది: ఆపు చెక్క అడుగు అంచుని 3 మిల్లీమీటర్లు ఏటవాలుగా చెక్కేశాం. పొట్టు ఆ సందులోకి పోతుంది, కర్ర పైభాగాన్నే తాకుతుంది. ఆ తర్వాత కోసిన 32 పలకల్లో ఒక్కటీ పోలేదు.

చిన్న ఘనాలు 21 కోశాను, మూడు పోయాయి.

ఇప్పటివరకు: ఖర్చు 2,360 (మేస్త్రిగారికి 500, ప్లైవుడ్‌కి 220 కలిపి). పని 29 గంటలు. పనికొచ్చినవి 54, పారేసినవి 21.

దశ 4: పెట్టెలు (ఏప్రిల్ 13 – 26)

6 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మూత లేని పెట్టె, లోపలి కొలత 60.5. మొదటి పెట్టెలో ముక్కలు నింపితే దిగాయి, బయటికి రాలేదు. బోర్లిస్తే రావు, తడితే రావు. అడుగున గాలి పోయే దారి లేదు మరి. అడుగు మధ్యలో 12 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. గాలీ ఆడుతుంది, వేలితో తోయొచ్చు కూడా. మిగతా అయిదింటికీ అతికించకముందే వేశాను.

పాలిష్ వద్దు. ఒక సెట్టుకి రెండు పూతలు వేస్తే ఒక్కో ముక్కకి 0.15 పెరిగింది, మూడు ముక్కల వరసకి దాదాపు అర మిల్లీమీటరు. గీకి తీసేసి తేనెమైనం పూశాను. అంచుల పదును మాత్రం ఎమెరీతో ఒక్కసారి తీసేశాను, లేకపోతే పిల్లల వేళ్లకి గుచ్చుకుంటాయి.

ఇప్పటివరకు: ఖర్చు 2,960. పని 37 గంటలు.

దశ 5: క్లాసులో (జూన్ చివరి వారం)

మొదటి రోజు 45 నిమిషాల పీరియడు. ఆరు గుంపుల్లో ఎవరికీ రాలేదు. అందరూ చేసింది ఒకటే: ముందు పెద్ద పలకలు పేర్చి, "సిన్నవి ఎక్కడైనా పడతాయి" అని చివరికి దాచుకోవడం. అయిదు పలకలు సుఖంగా పడతాయి. ఆరోది పట్టదు.

రెండో రోజు ఒక గుంపుకి 31 నిమిషాల్లో వచ్చింది. మూడో రోజు బోర్డు మీద ఈ లెక్క చెప్పాను. ఘనాన్ని అడ్డంగా మూడు పొరలుగా చూడండి. ఒక పొరలో తొమ్మిది గళ్లు. ఒక పలక ఏ పొరలోనైనా నాలుగు గళ్లు తీసుకుంటుంది, లేదా రెండు, లేదా అసలు తీసుకోదు. ఎప్పుడూ సరి సంఖ్యే. తొమ్మిది బేసి. కాబట్టి ప్రతి పొరలోనూ కనీసం ఒక చిన్న ఘనం ఉండి తీరాలి. చిన్న ఘనాలు మూడే, పొరలూ మూడే, అంటే పొరకి సరిగ్గా ఒకటి. ఇదే మాట ఎడమ నుంచి కుడికి చూసినా, ముందు నుంచి వెనక్కి చూసినా నిలుస్తుంది. ఏ రెండు చిన్న ఘనాలూ ఒకే పొరలో ఉండకూడదు. అలాంటి అమరికలు కొన్ని ఉన్నా, పలకలు కూడా పట్టేది ఒక్కదానిలోనే: ఒక మూల, నడి మధ్య, ఎదురు మూల. కర్ణం పొడుగునా.

చిన్నవి చివరికి దాచుకున్నందుకే పజిలు రాలేదన్నమాట. ముందు పెట్టాల్సినవి అవే. లెక్క తెలిశాక నాలుగు గుంపులకి పది నిమిషాల లోపే వచ్చింది.

దశ 6: వాన (జూలై 6 – ఆగస్టు 30)

జూలై రెండో వారం. వరసగా వానలు. మంగళవారం ఒక అమ్మాయి పెట్టె పట్టుకొచ్చి, "టీచర్, నిన్న ఇదే పెట్టాం, దూరింది. ఇయ్యాల దూరట్లేదేటి?" అంది. పెట్టె బయట బల్ల మీద ఘనం సరిగ్గానే కట్టింది. పెట్టెలో మాత్రం పైపలక సగంలో ఆగింది. నేను పెట్టినా ఆగింది. నాలుగు పలకల్ని అక్కడికక్కడే పావు మలుపు తిప్పితే గట్టిగా నొక్కినప్పుడు దిగింది.

ఇంటికి తెచ్చి కొలిచాను. ఏప్రిల్‌లో 40.0, 40.0, 20.0 ఉన్న పలక ఇప్పుడు:

- నార (కర్ర పోగుల దిశ) పొడుగునా: 40.0
- నారకి అడ్డంగా: 40.4
- మందం: 20.1

కర్ర నార పొడుగునా దాదాపు పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది. ఆ అడ్డంలోనూ చెట్టు ఏటేటా వేసుకునే వలయాల వెంట పెరిగేది, వలయాలకి నిలువుగా పెరిగేదానికి సుమారు రెట్టింపు. ఇది ఎక్కడో చదివిందే. కానీ చదరపు పలకకి ఏ వైపు తిప్పినా ఒకటే అని పజిలు చెబుతుంటే, కాదు, రెండు వైపులూ వేరని కర్ర చెబుతోందని వేలికి తగిలింది అప్పుడే. ఆరు పలకలు, ఒక్కోటి రెండు రకాలుగా తిరుగుతుంది, అంటే ఒక్క దారే 64 రకాలైంది. వాటిలో దూరేవి కొన్నే. నిలువుగా నిలబడే నాలుగు పలకలకీ ఉబ్బిన కొలత పైకి తిరిగితే దూరుతోంది, ఎందుకంటే పెట్టెకి మూత లేదు. పక్కలకి తిరిగితే 40.4 + 20.1, అంటే 60.5. పెట్టె కొలత కూడా అంతే. చిన్న ఘనం పక్కనైతే అంతకంటే ఎక్కువ.

పిల్ల తప్పేమీ లేదు. పజిలు సరిగ్గా విప్పిన పిల్లకి "తప్పు" అని చెప్పే పెట్టెని నేను చేతికిచ్చాను. అది నాకు చాలా కష్టమనిపించింది. పెట్టెలన్నీ వెనక్కి తెచ్చేశాను.

సముద్రం పక్క ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఏప్రిల్ కొలతల్ని నమ్మకండి. నేను మార్చినవి మూడు:

1. కర్ర: పడగొట్టిన ఇంటి టేకు గుమ్మం ముక్కలు మేస్త్రిగారు ఇప్పించారు. టేకు తక్కువ ఉబ్బుతుంది, పైగా ఇది ఏళ్లకేళ్లు ఆరిన కర్ర.
2. కాలం: వానల్లోనే కోశాను. ఉబ్బి ఉన్నప్పుడు కొలత కుదిరితే, ఎండల్లో వదులవుతుంది గాని బిగుసుకోదు.
3. పెట్టె: లోపల గరుకు ఎమెరీ పట్టి 60.8 చేశాను. ఆ ఖాళీలో తప్పుడు అమరిక ఏదైనా దూరుతుందేమోనని రెండు సాయంత్రాలు ప్రయత్నించాను. దూరలేదు.

ఇక్కడ కూడా ఒక నష్టం జరిగింది. పాత గుమ్మంలో విరిగి దిగిపోయిన మేకు ఉంది, పైకి కనబడదు. రంపం బిళ్ల పన్ను రెండు చోట్ల లేచిపోయింది, మూడు ముక్కలు చెడ్డాయి. బాగుచేయించడానికి 250. అప్పటి నుంచి ప్రతి కర్ర మీదా పాత స్పీకరు అయస్కాంతం జరిపి చూశాకే మిషన్ మీద పెట్టాం. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది, బిళ్ల పదును తొందరగా పోతుంది. అంచు నల్లబడుతూ కాలిన వాసన వస్తే ఆపి సాన పట్టించాలి.

ఇప్పటివరకు: ఖర్చు 4,810 (టేకు 900, మేస్త్రిగారికి 700, బిళ్ల 250 కలిపి). పని 54 గంటలు. టేకు ముక్కలు 57 కోస్తే 54 నిలిచాయి. మొత్తం పారేసినవి 24. అంకుడువి పక్కన పెట్టాను.

దశ 7: మిగిలిన టేకుతో ఇరవైఏడు (సెప్టెంబరు)

డీన్ హాఫ్‌మన్ అనే గణితజ్ఞుడు 1978లో ముందుకు తెచ్చిన పజిలు. 4×5×6 దిమ్మెలు 27, అన్నీ ఒకేలాంటివి. 15 భుజం ఉన్న పెట్టెలో పట్టాలి. నా కొలత 20×25×30 మిల్లీమీటర్లు, పెట్టె 76. ఇది చేయడం తొమ్మిది ముక్కలకంటే కష్టమనుకున్నాను. చాలా తేలిక! ముక్క ఘనపరిమాణం 120, ఇరవైఏడింటికి 3,240. పెట్టెది 3,375. ఆ 135 ఖాళీ లోపలే ఉంది; పెట్టె కూడా 75 బదులు 76, కాబట్టి కోతలో పావు మిల్లీమీటరు తప్పినా ఆ ఒక్క మిల్లీమీటరు మింగేస్తుంది. తొమ్మిది ముక్కల ఘనంలో ఖాళీ అన్నదే లేదు, అందుకే అంత బాధ పెట్టింది.

విప్పడం మాత్రం వేరే సంగతి. 21 దారులున్నాయి, నాకు ఒకటి దొరకడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. క్లాసులో దీనికి ముందు బల్ల మీద నాలుగు దిమ్మెలు చదరంగా పేర్చి చూపిస్తాను: అ×ఆ దీర్ఘచతురస్రాలు నాలుగు, (అ+ఆ) చదరంలో గుండ్రంగా తిరిగితే మధ్యలో (అ−ఆ) భుజంతో చిన్న చదరం మిగులుతుంది. పుస్తకంలో నాలుగు గీతల్లో ఉండే సూత్రం పిల్లల వేలి కింద గుంటలా తగులుతుంది.

ఇప్పటివరకు: ఖర్చు 4,900. పని 61 గంటలు.

అక్టోబరు 18

పది రోజులుగా ముసురు. ఆరు సెట్లూ కొలిచాను. నారకి అడ్డంగా ఎక్కువలో ఎక్కువ 40.1, మందం 20.0. వరస 60.2 దాటలేదు. అయిదో సెట్టులో చిన్న ఘనం ఒకటి బల్లల కింద ఎక్కడో పోయింది, కొత్తది కోసి మైనం పూశాను. జూలైలో పెట్టె తెచ్చిన అమ్మాయి ఇవాళ ముందు మూడు చిన్నవీ కర్ణం మీద నిలబెట్టి, చుట్టూ పలకలు తిప్పుకుంటూ పోయింది. ఆఖరి పలక పైనుంచి వదిలితే, నొక్కకుండానే, నెమ్మదిగా గాలి వదులుతూ దిగింది.